రాసింది రాసిన చోటే ఉందా?

నేను చేసే పనిని ఒక్క మాటలో చెప్పొచ్చు. డిస్కు మీద రాసిన డేటా రాసిన చోటే, రాసినట్టే ఉందా లేదా అని చూడటం. స్టోరేజి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించే బృందంలో ఉన్నాను. టెస్టు మిషన్లన్నీ హైదరాబాదు ల్యాబ్‌లో ఉంటాయి. నేను కరోనా నాటి నుంచీ ఎక్కువగా ఘంటసాలలో మా ఇంట్లోనే కూర్చుని పని చేస్తున్నాను. మచిలీపట్నానికి పడమరగా, చల్లపల్లికి దగ్గరగా, వరి చేల నడుమ ఉన్న ఊరు మాది. రెండో శతాబ్దంలో భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ పేర్కొన్న రేవు పట్నం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించిన బౌద్ధ స్తూపం ఊళ్లోనే ఉంది.

ఫైల్ సిస్టమ్ పరీక్షల్లో నాకు అప్పగించిన భాగం డైరెక్ట్ ఐఓ. కంప్యూటర్ వాడే వాళ్లలో చాలామందికి ఈ పేరు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాదు. కానీ బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, ధాన్యం అమ్మిన సొమ్ము, ఆసుపత్రి రిపోర్టు ఇవన్నీ ఏదో ఒక డేటాబేస్‌లో ఉంటాయి. పెద్ద డేటాబేస్‌లలో చాలావాటిని డిస్కు మీద రాసేటప్పుడు డైరెక్ట్ ఐఓతోనే నడుపుతారు. కనుక అదేమిటో ముందు చెప్పాలి.

మామూలుగా ఒక ప్రోగ్రాము ఫైలులో రాస్తే ఆ డేటా వెంటనే డిస్కుకు చేరదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దాన్ని మెమరీలో, పేజ్ క్యాష్ అనే చోట పెట్టుకుని ‘సరే, రాశాను’ అంటుంది. తీరిక దొరికాక డిస్కు మీదికి దించుతుంది. కోసిన ధాన్యాన్ని కల్లంలో రాశి పోసి, వీలు చూసుకుని గోదాముకు తోలడం లాంటిది ఇది. డైరెక్ట్ ఐఓ అంటే కల్లం ఊసు లేకుండా చేలోంచే లారీకెత్తి నేరుగా గోదాముకు పంపడం. అలా పంపినప్పుడు గోదాము వాళ్లు విడి గింజలు దించుకోరు, నిండు బస్తాలే కావాలంటారు. డిస్కుకూ అంతే. 512 బైట్ల సెక్టారు ఉన్న డిస్కుకు 512 గుణిజాల్లో, 4096 బైట్ల డిస్కుకు 4096 గుణిజాల్లో ఇవ్వాలి. ఎంత రాస్తున్నాం, ఫైలులో ఎక్కడ రాస్తున్నాం, మెమరీలో ఏ చిరునామా నుంచి రాస్తున్నాం అనే మూడూ మామూలుగా ఆ కొలతకు సరిపోవాలి. ఒక్క బైటు తేడా వచ్చినా చాలా ఫైల్ సిస్టమ్‌లు ‘ఈఇన్వాల్’ అనే ఎర్రర్ ఇచ్చి వెనక్కి పంపేస్తాయి. అసలు చిక్కు మాత్రం కొంత సరుకు కల్లంలోనూ కొంత గోదాములోనూ ఉన్నప్పుడు వస్తుంది. ఒకే ఫైలును ఒక ప్రోగ్రాము క్యాష్ ద్వారా, ఇంకో ప్రోగ్రాము నేరుగా వాడుతుంటే ఎవరి లెక్క నిజమో తేల్చాల్సింది ఫైల్ సిస్టమే.

ఈ సౌకర్యం లినక్స్‌లోకి 2.4.10 వెర్షన్‌తో 2001లో వచ్చింది. అంతకుముందే సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఐరిక్స్‌లో, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌తో పాటు ఇది ఉంది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌కు ఈ ఏర్పాటు మొదటి నుంచీ నచ్చలేదు. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. అయినా డేటాబేస్ రాసేవాళ్లు వదల్లేదు. ఏ పేజీ మెమరీలో ఉండాలో, ఏది పోవాలో వాళ్ల సాఫ్ట్‌వేర్ సొంతంగా లెక్క చూసుకుంటుంది. అదే పేజీని కెర్నల్ ఇంకోసారి దాచుకుంటే మెమరీ రెండింతలు ఖర్చు. అందుకే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీకి డైరెక్ట్‌గా రాయమని చెప్పే సెట్టింగు ఎప్పటి నుంచో ఉంది. 8.4 వెర్షన్‌కు వచ్చేసరికి లినక్స్ మీద అదే డిఫాల్ట్ అయింది. వర్చువల్ మిషన్లు నడిపే క్యూఈఎంయూలో ‘క్యాష్ నన్’ అని పెట్టినా జరిగేది ఇదే.

కొత్తగా చేరే పిల్లల్లో ఒక అపోహ చూస్తుంటాను. నేరుగా రాశాం గనుక కరెంటు పోయినా డేటా భద్రం అనుకుంటారు. కాదు. డైరెక్ట్ ఐఓ తప్పించేది కెర్నల్ క్యాష్‌ను మాత్రమే. డిస్కు లోపల దాని సొంత క్యాష్ ఉంటుంది, కరెంటు పోతే అదీ పోవచ్చు. పైగా ఫైలు పెరిగినప్పుడు దాని సైజు, ఏ బ్లాకులు ఎక్కడున్నాయనే పట్టిక వేరుగా రాయాలి. డేటా చేరి పట్టిక చేరకపోతే ఆ డేటా ఉన్నా లేనట్టే. అందుకే అన్నిటినీ డిస్కుకు చేర్చమని చెప్పే ఎఫ్‌సింక్‌ను పిలవాలి, లేదా ఫైలును ఓ_సింక్ అని కూడా చెప్పి తెరవాలి.

దీన్ని పరీక్షించడానికి మేం నిజంగానే కరెంటు తీసేస్తాం. ల్యాబ్‌లో మిషన్లకు కరెంటు ఇచ్చే పెట్టెలకు నెట్‌వర్క్ కనెక్షన్ ఉంటుంది. ఇక్కడి నుంచి కమాండ్ ఇస్తే అక్కడ మిషన్ ఆరిపోతుంది. రాత మధ్యలో, ఎఫ్‌సింక్ మధ్యలో, ఫైలు సాగుతున్నప్పుడు, ఎప్పుడు ఆర్పాలో రాండమ్‌గా ఎంచుకుంటాం. ‘ఎఫ్‌సింక్ అయిపోయింది’ అని మిషన్ చెప్పిన ప్రతిసారీ ఆ సంగతి ఇంకో మిషన్ రాసిపెట్టుకుంటుంది. తిరిగి లేచాక, అయిపోయిందని మాట ఇచ్చిన ప్రతి ముక్కా డిస్కు మీద ఉండి తీరాలి. మాట ఇవ్వని ముక్క ఉన్నా లేకపోయినా తప్పు పట్టం. మాట ఇచ్చింది పోతే మాత్రం అది బగ్గే, దానికి సర్దుబాటు లేదు.

స్ట్రెస్ టెస్ట్ అంటే బరువు మోపడమే అనుకునేవాళ్లు మా రంగంలోనే చాలామంది ఉన్నారు. వంద థ్రెడ్లు పెట్టి, డిస్కు నూటికి నూరు శాతం బిజీగా ఉంచి, రాత్రంతా నడిపి, పొద్దున మిషన్ పడిపోలేదు గనుక పాస్ అంటారు. నేను దాన్ని పరీక్షగా లెక్కపెట్టను. రాసింది ఏమిటో తెలియకుండా, చదివినదాన్ని దానితో పోల్చకుండా ఎంతసేపు తిప్పినా డిస్కు వేడెక్కడం తప్ప ఏమీ తేలదు. మిషన్ పడిపోతే ఎలాగూ అందరికీ తెలుస్తుంది. ఎర్రర్ రాకుండా, లాగ్‌లో ఒక్క గీత పడకుండా తప్పు డేటా చేతికొస్తే ఎవరికీ తెలియదు. మేం వెతకాల్సింది దాన్నే.

ఈ పనిలో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్న ప్రోగ్రాము ఎఫ్‌ఎస్‌ఎక్స్. నెక్స్ట్ కంప్యూటర్ కంపెనీలో ఎవాడిస్ టెవానియన్ 1991లో రాశాడు. ఈనాటికీ ప్రతి ఫైల్ సిస్టమ్ దాని చేతిలో పడాల్సిందే. పద్ధతి చాలా సరళం. ఒక ఫైలుంటుంది, ఆ ఫైలు ఎలా ఉండాలో చెప్పే నకలు మెమరీలో ఉంటుంది. రాయడం, చదవడం, కత్తిరించడం, మ్యాప్ చేయడం, మధ్యలో కన్నం పెట్టడం ఇవన్నీ ఒక సీడ్ నంబరు నుంచి పుట్టిన వరుసలో చేస్తూ పోతుంది. చదివిన ప్రతిసారీ నకలుతో పోలుస్తుంది. తేడా రాగానే ఆగిపోయి, అంతవరకు చేసిన పనుల జాబితా, చెడిన బైటు ఎక్కడుందీ చెబుతుంది. డైరెక్ట్ ఐఓతో నడపడానికి, బస్తా కొలత చెప్పడానికి దానిలో వేరే ఆప్షన్లున్నాయి. దీంతో పాటు సిలికాన్ గ్రాఫిక్స్ వారి నుంచి వచ్చిన ఎఫ్‌ఎస్‌స్ట్రెస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ కోసం పుట్టి ఇప్పుడు అన్ని ఫైల్ సిస్టమ్‌లకూ వాడుతున్న ఎఫ్‌ఎస్‌టెస్ట్స్, జెన్స్ ఆక్స్‌బో రాసిన ఫియో, లినక్స్ టెస్ట్ ప్రాజెక్టు, అంటే ఎల్‌టీపీ, మా రోజువారీ పనిముట్లు.

ఎల్‌టీపీలో డైరెక్ట్ ఐఓకు ఒక గుంపు టెస్టులున్నాయి. వాటిలో ‘డీఐఓ స్పార్స్’ అనేది నాకు ఇష్టం. ముందు ఖాళీ కన్నాలున్న ఫైలు చేస్తుంది. ఒక ప్రాసెస్ దానిలోకి డైరెక్ట్‌గా సున్నాలు రాస్తుంటే మిగతా ప్రాసెస్‌లు మామూలుగా చదువుతుంటాయి. చదివేవాళ్లకు సున్నా తప్ప ఇంకేమీ కనబడకూడదు. కనబడిందంటే, ఆ డిస్కు బ్లాకులో అంతకుముందు ఎవరో చెరిపేసిన ఫైలు తాలూకు డేటా బయటపడిందన్నమాట. బ్లాకును ఫైలుకు కేటాయించడానికీ, దానిలో కొత్త డేటా చేరడానికీ మధ్య ఉన్న చిన్న సందులో చదివేవాడు దూరితే ఇది జరుగుతుంది. ఒకరి రహస్యం ఇంకొకరికి కనబడిపోతుంది కాబట్టి ఇది భద్రతకు సంబంధించిన సమస్య కూడా. ఈ సందు మూయడానికే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు ముందు బ్లాకును ‘ఇంకా రాయనిది’ అని గుర్తుపెట్టి, రాత పూర్తయ్యాకే ఆ గుర్తు తీస్తాయి.

ఈ విషయాల మీద చదవడం మొదలుపెట్టిన కొత్తలో 2003 ఒట్టావా లినక్స్ సింపోజియం పత్రం ఒకటి చేతికొచ్చింది. లినక్స్ 2.5లో ఎసింక్రనస్ ఐఓ గురించి ఐబీఎం ఇంజినీర్లు రాసినది. రాసిన నలుగురిలో సుపర్ణా భట్టాచార్య, బదరి పులవర్తి అన్న పేర్లు కనబడ్డాయి. పులవర్తి అన్న ఇంటిపేరు చదవగానే మనవైపు పేరే అనిపించి సంతోషమేసింది. కెర్నల్ లోపలి పని మనకు దూరమైనదేమీ కాదని ఆ రోజు నమ్మకం కలిగింది.

ఇక మేం సొంతంగా వాడే పద్ధతి. డిస్కు మీద రాసే ప్రతి సెక్టారులో ఒక ముద్ర వేస్తాం. ఇది ఏ ఫైలు, ఫైలులో ఎన్నో బైటు దగ్గర ఉండాలి, ఎన్నో విడత రాత, ఏ థ్రెడ్ రాసింది, చివర ఒక చెక్‌సమ్. తిరిగి చదివినప్పుడు ముద్ర సరిపోకపోతే, ఎలా సరిపోలేదన్నదే సగం జవాబు. చెక్‌సమ్ బాగుండి విడత సంఖ్య పాతదైతే, కొత్త రాత పోయిందన్నమాట, లేదా పాత పేజీ క్యాష్‌లోంచి తీసేయకుండా మిగిలిపోయిందన్నమాట. అదే చోటును డైరెక్ట్‌గా మళ్లీ చదివితే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. విడత సరిగ్గా ఉండి చోటు వేరేదైతే, రాత తప్పు చోట పడింది. అప్పుడు ఫైల్ సిస్టమ్ బ్లాకుల పట్టికనో, ఫైలు పొజిషన్‌నో అనుమానించాలి. మొత్తం సున్నాలైతే కత్తిరింపుకూ రాతకూ పోటీ పడింది. ముందు సగం కొత్తది, వెనక సగం పాతదైతే రాత మధ్యలో తెగింది. ముద్రే లేకుండా ఏదో చెత్త కనబడితే, అది వేరే ఫైలు డేటానో, రాస్తుండగానే ప్రోగ్రాము బఫర్ మార్చేసిందో చూడాలి. ఇలా చదవడం అలవాటయ్యాక, కోడ్ తెరవకముందే ఏ ఫంక్షన్ దగ్గరికి వెళ్లాలో చాలావరకు తెలిసిపోతుంది. మా పనిలో నేర్పు అంటూ ఉంటే అది ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇంకో సంగతి. డైరెక్ట్ రాత అయ్యాక, అదే భాగం క్యాష్‌లో ఉంటే కెర్నల్ తీసేయాలి. అప్పుడే ఇంకొకరు ఆ పేజీని మురికి చేసి, అంటే డిస్కుకు చేరని కొత్త డేటా దానిలో రాసి ఉంటే తీసేయడం కుదరదు. డేటా చెడి ఉండొచ్చని కెర్నల్ తన లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. టెస్టు పాస్ అయింది కదా అని ఆ హెచ్చరికను వదిలేసేవాళ్లను చూశాను. టెస్టు కావాలనే రెండు రకాల రాతలూ కలిపి కొడుతుంటే అది సహజమే. కలపని టెస్టులో ఆ వాక్యం కనబడితే మాత్రం మా బృందంలో అది ఫెయిల్ కిందే లెక్క.

ఒక రోజు పొద్దున్నే జూనియర్ కుర్రాడు ఫోన్ చేశాడు.

“అక్కా, రాత్రి ఫెయిలైన టెస్టు మళ్లీ రన్ చేస్తే పాసయిందక్కా. టికెట్ క్లోజ్ చేసెయ్యనా?”

“లాగ్ ఉందా నాన్నా? సీడ్ రాసుకున్నావా?”

“డిస్కు ఫార్మాట్ చేసి కొత్తగా రన్ చేశానక్కా. మూడుసార్లూ పాసే.”

“అయితే మూడుసార్లు ఆ సందు తెరుచుకోలేదంతే. బగ్ పోయిందని నీకెవరు చెప్పారు?”

అతన్ని తప్పుపట్టలేను. పాస్ అయిన టెస్టుకు ఎవరూ ఫోన్ చేయరు, ఫెయిలైన దానికి అందరూ చేస్తారు. పైగా డైరెక్ట్ ఐఓ బగ్గులు చాలావరకు రెండు పనులు ఒకే క్షణంలో ఢీకొంటేనే బయటపడతాయి. సీడ్ ఇస్తే ఏ పనులు చేయాలో అదే వరుసలో వస్తాయి గానీ, రెండు థ్రెడ్లు ఏ క్షణంలో ఎదురుపడతాయన్నది సీడ్ చేతిలో లేదు. అందుకే ఆ సందును మేం వెడల్పు చేస్తాం. కెర్నల్‌లోని డివైస్ మ్యాపర్ అనే భాగంలో ‘డిలే’ అనేది డిస్కు జవాబును కావాలని ఆలస్యం చేస్తుంది. ‘ఫ్లేకీ’ అనేది ఉన్నట్టుండి డిస్కు చెడినట్టు నటిస్తుంది. మెమరీ తగ్గించి నడుపుతాం, ప్రాసెసర్లను ఆన్ ఆఫ్ చేస్తాం. ఆ కుర్రాడితో కలిసి అలా నడిపితే అదే ఫెయిల్యూర్ మళ్లీ వచ్చింది. ఫైలు చివర డైరెక్ట్‌గా పెంచుతుండగా ఇంకో థ్రెడ్ కత్తిరించడం వల్ల వచ్చిన పోటీ అది. ఆ రోజు నుంచి మా దగ్గర ఒక నియమం పెట్టాం. ఫెయిలైన డిస్కు ఇమేజీ, లాగ్, సీడ్, కెర్నల్ వెర్షన్ పక్కన పెట్టాకే మళ్లీ రన్ చేయాలి.

ఇది మా ఒక్క ల్యాబ్ గొడవ కాదు. 2023 నవంబరు, డిసెంబరు నెలల్లో ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఉంది.

ఈఎక్స్‌టీ4లో ఓ_సింక్‌తో డైరెక్ట్‌గా రాసినప్పుడు పెరిగిన ఫైలు సైజు కూడా సరిగా డిస్కుకు చేరేలా ఒక సవరణ చేశారు. మంచి సవరణ. కొత్త కెర్నల్‌లో అది సరిగ్గా పనిచేసింది. ఎందుకంటే అంతకుముందే ఐఓమ్యాప్ అనే పక్క భాగంలో, ఫైలు పొజిషన్‌ను, అంటే తర్వాతి రాత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గుర్తును, ఎప్పుడు ముందుకు జరపాలన్న దానిలో ఒక మార్పు వచ్చి ఉంది. ఈ సవరణ ఆ మార్పు మీద ఆధారపడింది. ఎక్కువమంది వాడే పాత స్టేబుల్ కెర్నల్‌లలోకి సవరణను తెచ్చినప్పుడు, అది ఆధారపడ్డ మార్పు వెంట రాలేదు. విడివిడిగా చూస్తే రెండూ సరైనవే. నవంబరు 28న విడుదలైన 6.1.64లో సవరణ ఒకటే ఉంది. ఫలితం, డైరెక్ట్ రాత తర్వాత ఫైలు పొజిషన్ ముందుకు జరగలేదు, తర్వాతి రాత తప్పు చోట పడింది. ఎర్రర్ ఏమీ లేదు. రాత విజయవంతమైందనే ప్రోగ్రాముకు జవాబొస్తుంది.

దీన్ని పట్టుకున్నది రాత్రంతా నడిచే భారీ స్ట్రెస్ టెస్టు కాదు. ఎల్‌టీపీలోని ‘ప్రీడ్‌వీ03’ అనే చిన్న టెస్టు. డైరెక్ట్‌గా ఫైలు తెరిచి ఒక బ్లాకు నిండా ఒక అక్షరం, తర్వాతి బ్లాకు నిండా ఇంకో అక్షరం రాసి, చదివి, ఉండాల్సిందే ఉందా అని చూస్తుంది. మరో స్టేబుల్ కెర్నల్ 5.15.140 విడుదలకు ముందు జరిగే పరిశీలనలోనే లినారో సంస్థ టెస్టుల్లో అది ఫెయిలైనట్టు రిపోర్టు వచ్చింది. ఆ ఫెయిల్యూర్‌ను పట్టుకుని, కారణం విడదీసి, ఇది డేటాను చెడగొడుతోందని డిసెంబరు 5న చెప్పినవాడు సూసే కంపెనీకి చెందిన ఫైల్ సిస్టమ్ నిపుణుడు జాన్ కారా.

అదే రోజు మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు వరి కోతల కాలం అది. కోసిన పనలు చేలల్లోనే ఉన్నాయి, మిషను కోసిన ధాన్యం రోడ్ల మీద పట్టాల కింద ఉంది. కరెంటు, నెట్ తిరిగొచ్చాక నేను ఆ రిపోర్టు చదువుతుంటే, నాన్న పక్కన కూర్చుని తేమ పదిహేడు శాతం దాటితే ధాన్యం తీసుకుంటారో లేదో అని ఫోన్లు చేస్తున్నారు. ఆ తేమ శాతం, ఆ బస్తాల లెక్క, రైతు ఖాతాలో పడాల్సిన సొమ్ము అన్నీ ఎక్కడో ఒక సర్వర్లో వరసలుగా చేరతాయి. నా పని ఎందుకోసమో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ వారు తమ 12.3 విడుదలను డిసెంబరు 9కి పెట్టుకున్నారు. దానిలో ఉన్నది 6.1.64 కెర్నలే. ఆ రోజే సంగతి తెలిసి విడుదల ఆపేశారు, వాడకందారులను అప్‌డేట్ చేయొద్దని కోరారు. మర్నాడు సరిచేసిన 6.1.66 కెర్నల్‌తో 12.4ను విడుదల చేశారు. స్వచ్ఛందంగా పనిచేసే మనుషులు ఒక్క రోజులో అంత పని చేయడం గొప్ప సంగతి. ఏ ఆఫ్‌సెట్‌లో రాయాలో ప్రతిసారీ తామే చెప్పే ప్రోగ్రాములకు ఫైలు పొజిషన్‌తో పని లేదు కాబట్టి ఈ దెబ్బ తగలదు. డేటాబేస్‌లు ఎక్కువగా ఆ తరహావే. వరసగా రాసుకుంటూ పోయే ప్రోగ్రాములకే ప్రమాదం.

మా బృందంలో కొత్తవాళ్లకు ఈ కథే మొదటి పాఠంగా చెబుతాను. ఆ టెస్టు తన పని తాను చేసింది. చేయాల్సిందల్లా దాని మాట వెంటనే వినడం. అందరి చేతుల్లోనూ వందల ఫెయిల్యూర్లు ఉంటాయి, వాటిలో సగం టెస్టుదే తప్పు అయి ఉంటుంది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ టైమవుట్ అయిన టెస్టు వేరు, తప్పు డేటా చూపించిన టెస్టు వేరు. రెండోది వచ్చినప్పుడు చేతిలో ఉన్న మిగతా పనంతా ఆపాలి.

గుడివాడ, బందరు కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఎఫ్‌ఎస్‌ఎక్స్, ఎల్‌టీపీ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మిషన్ పెట్టుకుని నడపొచ్చు. కొత్త కెర్నల్ విడుదలకు ముందు పరీక్షించి చెప్పేవాళ్లు ఎప్పుడూ కావాలి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. డెబియన్ సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇంకో మాట. మీ దగ్గర ఏ మూలనైనా 6.1.64, 6.1.65 కెర్నల్ ఇంకా నడుస్తుంటే ఈరోజే మార్చండి. ఆ కెర్నల్ మీద రాసిన ఫైళ్లను పాత బ్యాకప్‌తోనో, మూల రికార్డుతోనో పోల్చి చూసుకోండి. కెర్నల్ మార్చినంత మాత్రాన అప్పుడు తప్పు చోట పడిన డేటా వెనక్కి రాదు.